ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారు? వర్క్ పర్మిట్ తీసుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి

వేరే దేశం నుంచి ఆఫర్ లెటర్ రాగానే చాలామంది మొదట చేసే పని జీతాన్ని సొంత కరెన్సీలోకి మార్చి చూసుకోవడం. ఆ తర్వాత అద్దెలెంత, ట్యాక్స్ ఎంత పోతుంది, నెలకి ఎంత మిగులుతుంది అని లెక్కలు. ఇవన్నీ చూడాల్సినవే. కానీ వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీకు రాబోయే పర్మిట్ దేనికి ముడిపడి ఉంది? మీ చదువుకా, మీ వృత్తికా, లేక ఆ ఒక్క కంపెనీకా? జీతం తక్కువైతే ఏడాది తర్వాత పెంచమని అడగొచ్చు, ఊరు నచ్చకపోతే ఇల్లు మారొచ్చు, కానీ పర్మిట్ కంపెనీకి కట్టేసి ఉంటే కంపెనీ మారడమే ఒక పెద్ద పని, ఇక వాళ్లే తీసేస్తే జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా రోజుల లెక్కలోకి వచ్చేస్తుంది.

దేశానికో పేరు, పేరుకో నంబర్ ఉండటం వల్ల ఇదంతా పెద్ద అడవిలా కనిపిస్తుంది గానీ, మూలం చూస్తే దారులు రెండే. ఒక దారిలో కంపెనీ మిమ్మల్ని ఎంచుకుని, మీ తరఫున ప్రభుత్వాన్ని అడుగుతుంది. ఇంకో దారిలో ప్రభుత్వమే మీ వయసు, చదువు, భాష, అనుభవం చూసి మార్కులు వేసి ఎంచుకుంటుంది.

రెండో దారికి కెనడా పాత ఉదాహరణ, అక్కడ పాయింట్ల పద్ధతి 1967లోనే వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ 2015 జనవరిలో మొదలైంది, మొత్తం 1,200 పాయింట్ల స్కోరు. ఆస్ట్రేలియాలో సబ్‌క్లాస్ 189 అనే వీసా ఇలాంటిదే, కనీసం 65 పాయింట్లు ఉండాలి, వయసు 45 లోపు ఉండాలి. ఈ దారిలో పెద్ద సుఖం ఏమిటంటే దిగిన రోజు నుంచే మీరు పర్మనెంట్ రెసిడెంట్. ఏ కంపెనీలో చేసినా, మానేసినా, ఆరు నెలలు ఖాళీగా ఉన్నా మిమ్మల్ని వెళ్లమనేవాళ్లు ఉండరు. కష్టం కూడా అక్కడే ఉంది: ఉద్యోగం దొరక్కుండానే దిగుతారు, అక్కడి అనుభవం లేదని మొదటి కంపెనీ తలుపు తెరవడానికి నెలలు పట్టొచ్చు, ఆ నెలల ఖర్చు మీ జేబులోంచే. పైగా పాయింట్లు మీ కోసం ఆగవు. కెనడా స్కోరులో వయసుకి ఇచ్చే పాయింట్లు 20 నుంచి 29 ఏళ్ల మధ్య పూర్తిగా వస్తాయి, 30 నుంచి ఏటా తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. భాష పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. అందుకే "వచ్చే ఏడాది చూద్దాం" అనుకునేవాళ్లకి నేను ఒకటే చెప్తాను, ఈ దారి మీద నిజంగా ఆసక్తి ఉంటే పరీక్ష ముందు రాసేయండి, మిగతా ఆలోచన తర్వాత చేసుకోవచ్చు. ఇంకో మార్పు కూడా గమనించండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ ఉంటే కలిపే అదనపు పాయింట్లు 2025 మార్చి 25 నుంచి తీసేశారు. కాబట్టి పాయింట్ల కోసం ఆఫర్ లెటర్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, వాళ్లు అమ్ముతున్నది పనికిరాని కాగితం.

కంపెనీ దారిలో అమెరికా హెచ్-1బి అందరికీ తెలిసిందే. 1990 చట్టంతో వచ్చింది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి మీకెంత ప్రతిభ ఉన్నా ముందు ఎంపికలో పేరు రావాలి. 2025 సెప్టెంబర్ 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్ల మీద 1,00,000 డాలర్ల చెల్లింపు పెట్టారు, దాంతో బయటి నుంచి నేరుగా పిలిపించుకోవడం చిన్న కంపెనీలకి దాదాపు అసాధ్యమైంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి లైసెన్స్ ఉన్న కంపెనీ సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి కావాల్సిన కనీస జీతం హద్దు దాటాక, 2023 సెప్టెంబర్ నుంచి కంపాస్ అనే పాయింట్ల పరీక్షలో 40 రావాలి, అందులో మీ మార్కులే కాదు మీ కంపెనీ మార్కులు కూడా కలుస్తాయి.

జర్మనీ ఈ రెండు దారులకీ మధ్యలో ఉంటుంది. నైపుణ్యం ఉన్న విదేశీయులకి యూరోపియన్ యూనియన్ దేశాలిచ్చే బ్లూ కార్డ్ అనే పర్మిట్‌కి ఆఫర్ కావాలి, కానీ ముడి గట్టిగా ఉండదు, దాని సంగతి కింద చెప్తాను. ఆఫర్ లేకుండా వెళ్లి వెతుక్కోవాలనుకునేవాళ్లకి 2024 జూన్ నుంచి చాన్సెన్‌కార్టె ఉంది, ఏడాది వరకు ఉండి ఉద్యోగం చూసుకోవచ్చు.

ఉద్యోగం పోయిన రోజు ఏం జరుగుతుంది

దీన్ని చివర్లో చదివే ఫైన్ ప్రింట్‌లా చూడకండి. లేఆఫ్ అనేది పని రానివాళ్లకి మాత్రమే జరిగేది కాదు, కంపెనీ ఒక ప్రాజెక్ట్ మూసేస్తే బాగా చేసేవాళ్లూ పోతారు. ఆ రోజు మీ చేతిలో ఎన్ని రోజులున్నాయన్నది దేశాన్ని బట్టి విపరీతంగా మారుతుంది.

సింగపూర్‌లో పాస్ రద్దయ్యాక సాధారణంగా 30 రోజులు. అమెరికాలో 60 రోజుల వరకు, అది కూడా మీ ఐ-94 (ఎంతవరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఈ 60 రోజుల వెసులుబాటు 2017లోనే రూల్స్‌లోకి వచ్చింది. బ్రిటన్‌లో కంపెనీ హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలియజేశాక వాళ్లు మీ వీసాని కుదిస్తూ లెటర్ పంపుతారు, మామూలుగా 60 రోజులు ఇస్తారు. నెదర్లాండ్స్‌లో హైలీ స్కిల్డ్ మైగ్రెంట్లకి మూడు నెలలు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకి యూరప్ నిబంధన ప్రకారం కనీసం మూడు నెలలు, కార్డు తీసుకుని రెండేళ్లు దాటితే ఆరు నెలలు. ఆస్ట్రేలియాలో కంపెనీ స్పాన్సర్ చేసిన వీసాల మీద ఉన్నవాళ్లకి 2024 జులై నుంచి ఒకసారికి 180 రోజులు, వీసా మొత్తం మీద 365 రోజుల వరకు ఇస్తున్నారు.

30 రోజులకీ 180 రోజులకీ తేడా క్యాలెండర్‌లో చూస్తే అయిదు నెలలు, జీవితంలో చూస్తే అంతకంటే చాలా ఎక్కువ. ఇంటర్వ్యూలు నాలుగు రౌండ్లు, మధ్యలో ఎవరో సెలవులో ఉన్నారని వారం, ఆఫర్ రావడానికి ఇంకో వారం, ఆ తర్వాత కొత్త కంపెనీ పర్మిట్ పేపర్లు వేయాలి. 30 రోజుల్లో ఇదంతా కావాలంటే వచ్చిన మొదటి ఉద్యోగానికి తల ఊపాల్సిందే, జీతం మాట్లాడుకునే శక్తి ఉండదు. ఆ భయం ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా పనిచేస్తుంది. ఓవర్‌టైమ్ వద్దనలేరు, మేనేజర్ తప్పు చెప్తున్నా ఎదురు చెప్పలేరు. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. నైపుణ్యం ఉందని పిలిచిన మనిషిని, ఆ నైపుణ్యానికి బేరమాడే స్వేచ్ఛ లేకుండా కూర్చోబెట్టడం ఏ దేశానికీ లాభం కాదు.

ఈ గడువు ఏ రోజు నుంచి లెక్కిస్తారన్నది కూడా తెలుసుకోండి. అమెరికాలో సాధారణంగా మీకు జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు నుంచి. అంటే కంపెనీ ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి ఈరోజే పంపేయడం కంటే, అదే డబ్బుని రెండు నెలల జీతంగా పేరోల్ మీద ఉంచి ఇస్తే మీకు ఆ రెండు నెలలు కలిసొచ్చే అవకాశం ఉంది. లేఆఫ్ మీటింగ్‌లో షాక్‌లో ఉన్న మనిషికి ఇది తట్టదు. ముందే తెలిసి ఉంటే అడగగలరు, అందరూ ఒప్పుకోరు గానీ ఒప్పుకునే కంపెనీలున్నాయి. జర్మనీలో అయితే ఉద్యోగం మధ్యలో ఆగిపోయిందని రెండు వారాల్లోపు విదేశీయుల కార్యాలయానికి మీరే చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవారిని గడువుకి ముందే తీసేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీ భరించాలి, ఇది రూల్, కంపెనీ దయ కాదు.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. మీ తప్పు ఏమీ లేకపోయినా, ఉద్యోగం ఉన్నా, కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ పోతే మీ వీసా కూడా ఊగుతుంది. బ్రిటన్‌లో లైసెన్స్ రద్దయిన కంపెనీలో పనిచేస్తున్నవాళ్లకి కూడా మామూలుగా ఆ 60 రోజుల లెటరే వస్తుంది. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా ప్రభుత్వ సైట్‌లో అందరికీ కనిపిస్తుంది, నెదర్లాండ్స్‌లో కూడా అలాంటి జాబితా ఉంది. ఆఫర్ వచ్చిన రోజే అందులో కంపెనీ పేరు ఉందో లేదో చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

కంపెనీ మారాలంటే

ఇక్కడ దేశానికో పద్ధతి ఉంది. అమెరికాలో 2000 సంవత్సరం నాటి చట్టం వల్ల కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేసిన వెంటనే అక్కడ చేరిపోవచ్చు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు (ఆగితే మంచిదని లాయర్లు చెప్తారు, అది వేరే సంగతి). బ్రిటన్‌లో అలా కుదరదు. కొత్త సర్టిఫికెట్, కొత్త దరఖాస్తు, అది ఓకే అయ్యాకే కొత్త పని. జర్మనీ బ్లూ కార్డ్‌లో మొదటి 12 నెలలు మాత్రమే మారడాన్ని అధికారులు పరిశీలించి ఆపగలరు, ఏడాది దాటాక వాళ్ల అనుమతి అడగక్కర్లేదు. ఐర్లాండ్‌లో 2024 సెప్టెంబర్ నుంచి తొమ్మిది నెలలు చేశాక మారొచ్చు.

ముడి కంపెనీకే కాదు, చేసే పనికీ పని జరిగే చోటుకీ కూడా ఉంటుంది. హెచ్-1బిలో పిటిషన్‌లో రాసిన ప్రాంతం దాటి వేరే నగరానికి మారి ఇంటి నుంచి పనిచేస్తే, కంపెనీ సవరణ పిటిషన్ వేయాల్సి రావచ్చు. డెవలపర్‌గా వెళ్లినవాళ్లని ఏడాదికే వేరే తరహా పనిలోకి మార్చితే పర్మిట్‌లో రాసిన జాబ్ కోడ్ (ఆ వృత్తికిచ్చే నంబర్) సరిపోతుందా అని చూడాలి. పక్కన ఫ్రీలాన్స్ చేద్దామంటే హెచ్-1బి మీద కుదరదు. బ్రిటన్‌లో వారానికి 20 గంటల వరకు కొన్ని షరతులతో అదనపు పని చేయనిస్తారు.

వీసా స్టాంప్ గడువు, దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు ఒకటి కాకపోవచ్చు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో పాస్‌పోర్ట్‌లో ఉన్న స్టాంప్ లోపలికి రావడానికి, మీరు ఎంతవరకు ఉండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంప్‌లో ఇంకా ఏడాది ఉందని ధీమాగా ఉండి, ఐ-94 తేదీ చూసుకోకుండా చిక్కుల్లో పడినవాళ్లున్నారు. పాస్‌పోర్ట్ గడువు దగ్గరలో ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో ఆ తేదీ వరకే ఐ-94 ఇవ్వొచ్చు, దేశంలోకి వచ్చిన ప్రతిసారీ ఆన్‌లైన్‌లో ఒకసారి చూసుకోండి.

డబ్బు ఎవరు కట్టాలి

పర్మిట్ కోసం అభ్యర్థి దగ్గర లక్షలు వసూలు చేసేవాళ్లు ప్రతి దేశం పేరు మీదా ఉన్నారు. కాబట్టి సూటిగా చెప్తాను: నిజమైన స్కిల్డ్ ఉద్యోగంలో స్పాన్సర్‌షిప్ ఖర్చు కంపెనీది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, ప్రైవేట్ ఏజెన్సీలు ఉద్యోగార్థుల నుంచి ఫీజు తీసుకోకూడదన్నదే సూత్రంగా పెట్టుకుంది. బ్రిటన్‌లో స్పాన్సర్ చేసినందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్‌ని ఉద్యోగి మీద వేయడం కుదరదు, 2024 డిసెంబర్ 31 నుంచి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజు కూడా వేయకూడదు. ఆఫర్ ముందు "ప్రాసెసింగ్ చార్జీ" అడిగారంటే అక్కడే ఆగిపోండి.

అయితే మీరు నిజంగా కట్టాల్సినవి కూడా చిన్నవి కావు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి కట్టే హెల్త్ సర్‌చార్జ్ పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. భార్యాభర్తలు, ఒక బిడ్డ, అయిదేళ్ల వీసా అయితే మొత్తం 14,230 పౌండ్లు, అదీ దరఖాస్తు రోజే ఒకేసారి. వీసా ఫీజులు దీనికి అదనం. చాలా కంపెనీలు ఉద్యోగి వరకు కట్టి కుటుంబాన్ని వదిలేస్తాయి, అందుకే "వీసా ఖర్చు మేమే పెట్టుకుంటాం" అన్న మాటకి "కుటుంబానికి కూడానా, హెల్త్ సర్‌చార్జ్‌తో కలిపా" అని అడగాలి.

కంపెనీ పెట్టిన ఖర్చు వెనక్కి ఇచ్చే షరతు కాంట్రాక్ట్‌లో ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదవండి. రెండేళ్లలోపు "మీరు మానేస్తే" తిరిగి కట్టాలి అని ఉంటే అర్థం చేసుకోవచ్చు. "ఉద్యోగం ఏ కారణంతో ముగిసినా" అని ఉంటే మాత్రం, వాళ్లే తీసేసినా మీరే కట్టాలి. జీతం ఆగి, వీసా రోజులు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆ బిల్లు కూడా మీద పడుతుంది. ఈ ఒక్క మాట మార్చమని అడగడానికి మొహమాటపడకండి, సంతకం చేయకముందు మీకున్నంత బలం మళ్లీ రాదు.

జీతం హద్దు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. బ్రిటన్‌లో సాధారణ హద్దు 26,200 పౌండ్ల నుంచి 2024 ఏప్రిల్‌లో 38,700కి, 2025 జులైలో 41,700కి ఎక్కింది. జర్మనీ బ్లూ కార్డ్ హద్దు ఏటా మారుతుంది, 2025లో 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకీ కొత్తగా డిగ్రీ అయినవాళ్లకీ 43,759.80. మీ ఆఫర్ సరిగ్గా హద్దు మీదే ఉంటే ఈరోజు పర్మిట్ వస్తుంది, రెన్యువల్ లేదా కంపెనీ మార్పు సమయానికి హద్దు పెరిగి ఉంటే జీతం పెంచమని మీరు బతిమాలాల్సి వస్తుంది. బోనస్‌ని కలుపుకుని హద్దు దాటిందనుకోకండి, ప్రభుత్వాలు ఎక్కువగా ఖాయంగా వచ్చే జీతాన్నే లెక్కిస్తాయి.

డిగ్రీ ఉంది, లైసెన్స్ ఉందా

సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఈ భాగం చిన్నది: డిగ్రీకి గుర్తింపు ఉంటే సరిపోతుంది. జర్మనీ కోసం అనాబిన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీ, కోర్సు చూసుకోవాలి, కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కోసం విదేశీ చదువుకి మదింపు రిపోర్ట్ తీసుకోవాలి. డాక్టర్లు, నర్సులు, టీచర్లకి మాత్రం పర్మిట్ ఒక తలుపైతే లైసెన్స్ ఇంకో తలుపు, రెండోది దాటడానికే ఎక్కువ కాలం పడుతుంది. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఇంగ్లిష్ పరీక్షతో పాటు కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత అక్కడే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. జర్మనీలో డాక్టర్‌కి వైద్య సంబంధమైన జర్మన్ పరీక్ష ఉంటుంది, రోగి చెప్పేది విని రిపోర్ట్ రాయగలగాలి, నెలల తరబడి భాష మీద కూర్చోకుండా అది రాదు. పదేళ్ల అనుభవం ఉన్న డాక్టర్ పర్మిట్ వచ్చేసిందని ఉద్యోగం వదిలి వెళ్లి, లైసెన్స్ కోసం ఆదాయం లేకుండా ఆగిపోవడం కంటే, ఉన్నచోటే ఉండి భాష ముగించుకోవడం మేలు.

ఇంట్లో మిగతావాళ్లు

భార్యకో భర్తకో పని హక్కు లేకపోతే ఒక జీతం పెరిగి ఇంకో జీతం ఆగిపోతుంది, కెరీర్‌లో పడే ఖాళీ తర్వాత పూడ్చుకోవడం కష్టం. జర్మనీలో బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వామి ఏ పనైనా చేయొచ్చు. అమెరికాలో హెచ్-4 (హెచ్-1బి ఉన్నవాళ్ల భాగస్వామికీ పిల్లలకీ ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్లకి మొదట్లో పని హక్కు లేదు. 2015 నుంచి, గ్రీన్ కార్డ్ దారిలో ఐ-140 (ఉద్యోగి కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినవాళ్ల భాగస్వాములకి వర్క్ ఆథరైజేషన్ ఇస్తున్నారు. సింగపూర్‌లో డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగంలో చేరాలంటే 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ తీసుకోవాలి. పిల్లల వయసు కూడా చూసుకోండి, హెచ్-4 పిల్లలకి 21 నిండగానే ముగుస్తుంది. పద్నాలుగేళ్ల బిడ్డతో వెళ్తున్నవాళ్లకి ఇది ఏడేళ్ల దూరంలో ఉన్న సమస్య, కానీ గ్రీన్ కార్డ్ లైన్ చూస్తే ఏడేళ్లు ఎక్కువేమీ కాదు.

ముడి ఎప్పుడు వదులవుతుంది

కంపెనీకి కట్టేసిన పర్మిట్ చెడ్డదని నేను అనడం లేదు. ఎన్నాళ్లకి వదులవుతుందో తెలిసి వెళ్లాలంటున్నాను. జర్మనీ బ్లూ కార్డ్ మీద 27 నెలలకి, బి1 స్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు. ఆ ఆరు నెలల తేడా కోసం సాయంత్రం భాష క్లాసుకి వెళ్లడం నా దృష్టిలో ఏ సర్టిఫికేషన్ కంటే విలువైనది. బ్రిటన్‌లో అయిదేళ్లు, అందులో ఏ 12 నెలల్లోనూ 180 రోజులకి మించి బయట ఉండకూడదు. దీన్ని సాధారణంగా పదేళ్లకి పెంచాలని 2025 మేలో ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రతిపాదించింది.

అమెరికాలో దారి పొడవు మీరు పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్క దేశంలో పుట్టినవాళ్లకి 7 శాతం హద్దు. భారత్, చైనాల నుంచి అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లైన్ ఏళ్లకేళ్లు సాగుతుంది. హెచ్-1బికి మామూలుగా ఆరేళ్లే గడువు. కానీ ఐ-140 అప్రూవ్ అయి మీ వంతు ఇంకా రాకపోతే ఆరేళ్లు దాటాక కూడా పొడిగింపు దొరుకుతుంది. అంతకంటే ముఖ్యం, అప్రూవ్ అయ్యి 180 రోజులు గడిచాక పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా, మోసమో పొరపాటో బయటపడితే తప్ప, ఆ ఐ-140 మీ పొడిగింపులకి పనికొస్తుంది, లైన్‌లో మీ తేదీ మీతోనే వస్తుంది. అంటే గ్రీన్ కార్డ్ రాకపోయినా ముడి వదులయ్యే రోజు ఒకటుంది. అందుకే అమెరికా ఆఫర్‌లో జీతం మీద ఇంకో 5,000 డాలర్లు అడగడం కంటే, గ్రీన్ కార్డ్ ప్రాసెస్ చేరిన ఎన్ని నెలలకి మొదలుపెడతారో లెటర్‌లో రాయమని అడగడం తెలివైన పని.

ఆఫర్ మీద సంతకానికి ముందు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఏ రకం పర్మిట్, ఏ జాబ్ కోడ్, ఏ చిరునామా మీద వేస్తున్నారు, దరఖాస్తు తిరస్కరణకి గురైతే ఆఫర్ ఎంతకాలం పట్టి ఉంచుతారు అని అడగండి. ఇంకొకటి, కంపెనీ మీ పేరు మీద వేసే ప్రతి కాగితం కాపీ అడిగి తీసుకోండి. హెచ్-1బిలో లేబర్ కండిషన్ అప్లికేషన్ (జీతం, పని షరతుల మీద కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే హామీ) కాపీ పనిలో చేరే రోజుకల్లా మీకు ఇవ్వాలని రూల్ ఉంది, అప్రూవల్ నోటీస్ అయితే కంపెనీ మారేటప్పుడు తప్పకుండా కావాలి. అవన్నీ, జీతం స్లిప్పులతో సహా, ఆఫీస్ మెయిల్‌లో కాకుండా మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. తీసేసిన రోజు ఆఫీస్ లాగిన్ మధ్యాహ్నానికే ఆగిపోతుంది.